ముప్పై చాపల గది

గోరువెచ్చని నీళ్ళలో పాలపొడి కలిపేటప్పుడు మొదట ఒక పచ్చివాసన వస్తుంది. ఉండలు కరిగేదాకా గరిటె తిప్పితే అది పోయి కమ్మదనం పైకి తేలుతుంది. మొన్న మా పిల్లల బడి వంటగదిలో కొత్తగా చేరిన అమ్మాయి పాలు కలుపుతుంటే నేను గుమ్మంలోనే ఆగిపోయాను. "ఉండలుంటే పిల్లలు ఉమ్మేత్తారు, ఇంకా తిప్పు" అని మార్తమ్మగారు నా పక్కన నిలబడి అంటున్నట్టే అనిపించింది. నాకు ఈ పని నేర్పింది ఆవిడే. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. బర్మాలో, ఈ యాంగోన్‌లో ఆమెను ఎరిగినవాళ్ళు కూడా ఇప్పుడు తక్కువే. ఎరగనివాళ్ళకు ఆమె ఎలాంటి మనిషో చెప్పాలని ఇది రాస్తున్నాను.

మార్తమ్మగారిది పజుండౌంగ్ పేటలో పాతకాలపు తెలుగు బాప్టిస్టు కుటుంబం. మాది హిందూ కుటుంబం. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడరేవులో బియ్యం బస్తాలు మోయడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆవిడ పొట్టి మనిషి, గొంతు మాత్రం వీధి చివరకు వినపడేది. బర్మావాళ్ళు గౌరవంగా డౌ మార్తా అనేవారు, పిల్లలు సయామా, అంటే టీచరమ్మా, అని పిలిచేవారు. నేను పెద్దమ్మా అనేదాన్ని. వాగుకు దగ్గర్లో ఒక ఇటుక ఇంటి కింది భాగంలో ఆవిడ పసిపిల్లల బడి నడిపేవారు. చేపల బజారులో, పబేడాన్ పేట కొట్లలో పనిచేసే తల్లులు పొద్దున్నే పిల్లల్ని దింపి సాయంత్రం తీసుకెళ్ళేవారు. ఎనభై ఎనిమిదిలో విద్యార్థుల ఆందోళనతో విశ్వవిద్యాలయాలు మూతపడ్డాయి. ఇంట్లో ఖాళీగా కూర్చున్న నన్ను మా అమ్మ ఆవిడ దగ్గరకు పంపింది.

అలాంటి బడికి ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. లైసెన్సు ఉండి, నిబంధనలన్నీ పాటిస్తే సర్కారు సాయంగా పాలపొడి, బియ్యం, మా జీతాల్లో కొంత భాగం వచ్చేవి. మా గదికి ముప్పైమంది పిల్లలకే అనుమతి. నేను చేరిన కొత్తలో మా పిన్ని తన మనవడిని తీసుకొచ్చింది. మార్తమ్మగారు చోటు లేదన్నారు. ఒక్క పిల్లవాడికి ఏమవుతుందని నేను మొహం మాడ్చుకున్నాను. మధ్యాహ్నం పిల్లలంతా పడుకున్నాక ఆవిడ నన్ను పిలిచి, రెండు చాపల మధ్య ఉన్న సందు చూపించారు.

"ఒలే పైడీ, అక్కడ పడుకో."

నవ్వుతూ పడుకున్నాను. "సెయ్యి సాపు" అన్నారు. చాపాను. అటు పక్కన పడుకున్న పాప మొహానికి నా చెయ్యి తగిలింది. పాప ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది.

"ఇప్పుడు సెప్పు, మీ పిన్ని మనవడిని ఎక్కడ పడుకోబెడతావు? ఒకడికి దగ్గొస్తే పక్కోడికి అంటుకుంటాది. ఆఫీసోల్లు ఊరికే రాసినారనుకున్నావా?"

పాపను ఎత్తుకుని సముదాయించడం ఆవేళ నాకే పడింది. అప్పటినుంచి ప్రతి నిబంధననూ ఆవిడ నాకు ఒంటితోనే నేర్పించారు. తాగేనీళ్ళ పీపాకు మూత ఎందుకో, పదిమందికి ఒక ఆయా ఎందుకో, జ్వరం ఉన్న పిల్లను తల్లి ఎంత బతిమాలినా ఎందుకు తీసుకోకూడదో. ఆ చివరిది నాకు కఠినంగా తోచేది. ఆవిడకూ తేలికేమీ కాదు. జ్వరంతో వచ్చిన పిల్లను వెనక్కి పంపిన రోజు సాయంత్రం వాళ్ళింటికి జావ గిన్నె పట్టుకుని వెళ్ళేవారు.

ఆగస్టులో ఊరంతా వీధుల్లోకి వచ్చింది. ఒకరోజు వర్షంలో ఊరేగింపు మా వీధి చివర నుంచి వెళ్ళింది. కాసేపటికి ఊరి నడుమ సులే వైపు నుంచి తుపాకుల చప్పుడు వినిపించింది. బస్సులు ఆగిపోయాయి. మా పిల్లల తల్లుల్లో సగం మంది రాలేకపోయారు. ఇంతలో చుట్టుపక్కల చెక్క ఇళ్ళలో ఉండే ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని మా తలుపు తట్టారు. మాది ఇటుక గోడల ఇల్లు. కొందరు పిల్లల్ని నా చేతుల్లో పెట్టి, ఊరేగింపులోకి వెళ్ళిన భర్త కోసమో కొడుకు కోసమో వెతుక్కుంటూ మళ్ళీ వానలోకి వెళ్ళిపోయారు.

నేను మార్తమ్మగారి మొహం చూశాను. ఆవిడ గుమ్మంలో నిలబడి ఒక క్షణం గదిని చూశారు.

"రానీ, అందరినీ రానీ" అన్నారు. "కిటికీలు మాత్రం ముయ్యకు. గాలి ఆడాల."

చాపలు చాలక పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయారు. మరునాడు మధ్యాహ్నానికి గానీ పిల్లలందరూ ఇళ్ళకు చేరలేదు. ఒక పిల్లవాడి కోసం తండ్రి బదులు మేనమామ వచ్చాడు, తండ్రి సంగతి ఎవరూ అడగలేదు. గది ఊడుస్తూ మార్తమ్మగారు నాతో అన్నారు: "మల్లీ తనిఖీకి వొచ్చినప్పుడు ఈ సంగతి మనమే సెప్పాల. ఆల్లు అడిగేదాకా ఆగకూడదు." అంత అలసటలో ఆవిడకు తనిఖీ ఎలా గుర్తొచ్చిందా అనుకున్నాను.

సెప్టెంబరులో సైన్యం పగ్గాలు చేపట్టింది. కర్ఫ్యూ వచ్చింది. విదేశీ పత్రికలు, ఉత్తరాలు రావడం తగ్గిపోయింది. విశాఖపట్నంలో ఉన్న మా బంధువులు మేం బతికి ఉన్నామో లేదో తెలియక ఏడ్చారని చాలా కాలానికి తెలిసింది. చలికాలంలో మా లైసెన్సు తనిఖీకి వచ్చింది. ఎప్పుడూ వచ్చే ఇన్‌స్పెక్టరు డౌ మ్యా వెంట ఈసారి సైన్యం వార్డుకు కొత్తగా వేసిన పెద్దమనిషి కూడా వచ్చాడు. డౌ మ్యా నీళ్ళ పీపా చూసింది, మరుగుదొడ్డి చూసింది. ఆమె ఇంకా ఏమీ అడగకముందే మార్తమ్మగారు బర్మా భాషలో చెప్పారు: "ఆగస్టులో ఒక రాత్రి అనుమతికి మించి పిల్లల్ని ఉంచాను. తప్పు నాదే. రాసుకోండి."

డౌ మ్యా కలం ఆగిపోయింది. వార్డు పెద్ద నవ్వాడు. "దానికేముందండీ, మరచిపోదాం" అన్నాడు. "సాయం ఎప్పటిలాగే వస్తుంది. ఆ రాత్రి ఏ పిల్లల తల్లిదండ్రులు రాలేదో, వాళ్ళు ఎక్కడున్నారో, అది మాత్రం చెప్పండి."

"పిల్లల సంగతి ఏదైనా అడగండి, చెప్తాను. పెద్దవాళ్ళ సంగతి నాకు తెలియదు."

"సాయం ఆగిపోతుంది. లైసెన్సు కూడా."

"మీ ఇష్టం" అన్నారు మార్తమ్మగారు. గొంతు పెంచలేదు. నేనైతే వంటగది తలుపు పట్టుకుని నిలబడ్డాను.

వాళ్ళు వెళ్ళాక నేనే పోట్లాడాను. ఆ పిల్లల ఇళ్ళలోంచి సరిహద్దు దాటి పారిపోయిన కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారని మా వీధిలో అందరికీ తెలుసు. "ఆల్ల పేర్లు సెప్తే ఏటి పోతాది పెద్దమ్మా? ఆల్లిక్కడ లేరు గదా. పిల్లల పాలు ఆగిపోతన్నాయి."

ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తకుండానే అన్నారు: "ఆల్లు లేరు. ఆల్ల అమ్మలు ఇక్కడే ఉన్నారు."

నేనూ పక్కన కూర్చుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టాను. 

లైసెన్సు నిలిపేశారు. చాటుగా నడపమని చాలామంది చెప్పారు. ఆవిడ వినలేదు, తలుపులు మూసేశారు. మా బడిలో కూతుర్ని దింపే తల్లుల్లో ఒకామె, చేపల బజారులో పనిచేసే తీడా వచ్చి, కూతుర్ని ఐసు ముక్కల మధ్య కూర్చోబెట్టుకుని పని చేయాల్సి వస్తోందని నానా మాటలూ అంది.  ఆమె వెళ్ళాక మార్తమ్మగారు వీధి గుమ్మంలో కూర్చుని చాలాసేపు కళ్ళు తుడుచుకున్నారు. ఆవిడ ఏడవడం నేను చూసింది అప్పుడే. మరునాడు సున్నం తెప్పించి గోడలకు వేయించారు. ఊడిపోయిన కిటికీ రెక్క బిగించారు. ఆ తరువాత ప్రతి వారం నన్ను వెంటబెట్టుకుని బస్సులో లైసెన్సు ఆఫీసుకు వెళ్ళి వరండా బల్ల మీద కూర్చునేవారు. "మనల్ని వారం వారం సూస్తే ఆల్లకే ఇసుగొస్తాది" అని ఆవిడ ధీమా. నాకు సిగ్గుగా ఉండేది. ఆవిడ దర్జాగా కూర్చుని వచ్చేపోయే గుమాస్తాల పిల్లల గురించి అడుగుతుండేవారు.

ఎండలు ముదిరాక ఒకరోజు డౌ మ్యా మమ్మల్ని లోపలికి పిలిచింది. లైసెన్సు కాగితం మార్తమ్మగారి చేతికిచ్చి, సాయం మాత్రం ఇక రాదని చెప్పింది. మేం లేచాక మెల్లగా అంది: "ప్రమాదం ఉన్న రోజున పిల్లలకు ఆశ్రయం ఇచ్చారని రాశాను. మీరు చెప్పిన దానికి నేనేమీ కలపలేదు." మార్తమ్మగారు ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకున్నారు. 

బడి తెరిచాం. నది అవతల ట్వంటే నుంచి ఆవిడ మరిది పడవలో బియ్యం పంపేవాడు. పబేడాన్‌లో హోటలు నడిపే మా కులపాయన పప్పు ఇచ్చేవాడు. మా తీడా వారానికోసారి చేపలు తెచ్చి తనే వండిపెట్టేది. పాలు దొరకని రోజుల్లో ఉడికించిన బఠాణీలు పెట్టేవాళ్ళం. సాయం తీసుకునేటప్పుడు పిల్లలకు ఏ పూట ఎంత పెట్టాలని నిబంధన ఉండేదో, సాయం ఆగాక కూడా ఆవిడ అంతే పెట్టించారు. ఒకసారి నేను, "ఇప్పుడు అడిగేవాల్లు లేరు గదా" అన్నాను.

"ఆల్లడుగుతారనేటి ఇన్నాల్లూ పెట్టినాను?" అన్నారు ఆశ్చర్యంగా. ఆ ఆశ్చర్యం నిజమైనదే.

విశ్వవిద్యాలయాలు తెరిచినా నేను తిరిగి వెళ్ళలేదు. వెళ్ళలేదని బాధ కూడా లేదు. ఆవిడ చివరి రోజుల్లో మంచం మీద నుంచే నన్ను ఆఫీసుకు పంపి లైసెన్సు నా పేరు మీదకు మార్పించారు.

ఇప్పుడు మళ్ళీ రోజులు బాగాలేవు. పోయిన ఏడాది మా బడిలో ఒక పాప మెట్టు మీద జారి నుదురు చిట్లింది. ఆయా తప్పు కొంత, నా తప్పు కొంత. తల్లి ఎలాగూ చూడలేదు, ఆడుకుంటూ పడిందని చెప్పేద్దామంది ఆయా. నేను పాపకు కట్టు కట్టించి, ఎత్తుకుని, ఆ తల్లి పనిచేసే కుట్టుమిషన్ల దుకాణానికి నడిచి వెళ్ళాను. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె నన్ను తిట్టింది. పాపను లాక్కుని, తిప్పి తిప్పి చూసుకుంది. తరువాత, "రేపు ఎన్నింటికి తీసుకురమ్మంటారు?" అని అడిగింది.