పేరు మూసిన దరఖాస్తు

ఫిలాసఫీ మాస్టారు చదివింది ర్యాంకుల్లో ఎక్కడో అట్టడుగున ఉండే యూనివర్సిటీలో. ఆ పేరు చూసే ఎన్నో ఇంటర్వ్యూల్లో ఆయన్ని గుమ్మంలోంచే తిప్పి పంపేశారు. చివరికి ఎలాగో ఒక ఉద్యోగంలో కుదురుకుని, జుట్టు నెరిశాక లెక్చరర్ల సెలెక్షన్ కమిటీలో కూర్చున్నాడు. కూర్చోగానే అందరితో పోట్లాడి, దరఖాస్తుల మీద యూనివర్సిటీ పేర్లు కనబడకుండా కాగితాలు అంటించేలా చేశాడు.

ఆ దరఖాస్తులు ఇంటికి తెచ్చుకుని చదువుతుంటే, ఒకదానికి జతచేసిన వ్యాసం ఆయన్ని కట్టిపడేసింది.

"ఎంత బాగా రాశాడో చూడవే!" అన్నాడు భార్యతో. ఆ తర్వాత కాలు కాలిన పిల్లిలా గదంతా తిరగడం మొదలుపెట్టాడు.

"నచ్చిందిగా, మార్కులేసెయ్యక ఏంటండీ ఈ తిరుగుడు?"

"ఏ యూనివర్సిటీ వాడో అని..."

"అది తెలియకూడదని గోల చేసింది మీరే కదా!"

ఆవిడ వంటింట్లోకి వెళ్లగానే గోటితో కాగితం అంచు లేపాడు. తను చదివిన యూనివర్సిటీయే.

"మన దగ్గర ఇంత బాగా రాసేవాడెవడు?" అని గొణుక్కుని, కుర్చీ ముందుకు లాక్కుని, ఎర్ర పెన్ను తీసి, మొదటి పేజీ నుంచి మళ్లీ చదవసాగాడు. ఇందాక కనబడని తప్పులు ఒక్కొక్కటే కనబడుతున్నాయి.