ఐరేని కుండల్లో జెర్బెరాలు

నేను బీఏ పాసయ్యాను!

ఆ ముక్క ముందు చెప్పేస్తే గానీ చెయ్యి కదిలేలా లేదు. పొద్దున్నే ఫలితాలొచ్చాయి. సెకండ్ క్లాసు. అమ్మానాన్నలిద్దరిదీ వేలిముద్రే. మా ఇంట్లో డిగ్రీ అన్న మాట ఇన్నాళ్లూ ఎవరికైనా జ్వరం వస్తేనే వినిపించేది. అరవై దాటి, పని మానేసి, రాంనగర్‌లో ఇంటిపట్టున ఉంటూ చదివాను. మా కాలనీ సంచికవాళ్లు మీ పూల పని గురించి ఏదైనా రాయమని అడిగి చాలా రోజులైంది. ఇవాళైతే ఏదైనా రాయగలననిపిస్తోంది. కాబట్టి రాస్తున్నాను.

కరోనా తగ్గి ఫంక్షన్ హాళ్లు మళ్లీ తెరిచిన తర్వాత వచ్చిన మొదటి మాఘంలో, నారాయణగూడలో ఒక పెళ్లి డెకరేషన్ నాకు అప్పగించారు. అప్పటికి నేను మేస్త్రీని. మా పనిలో అందరికంటే కింద దండలు కట్టేవాళ్లు, వాళ్లపైన నిచ్చెనెక్కి ఫ్రేముకు బిగించేవాళ్లు, అందరిపైనా మేస్త్రీ. మేస్త్రీ పువ్వు ముట్టేది తక్కువ, అరిచేది ఎక్కువ. చిక్కడపల్లిలో బుట్ట ముందు కూర్చుని మల్లెపూలు మూరల లెక్కన కొలిచిన దగ్గర్నుంచి ఆ అరిచే హోదాకు రావడానికి నాకు సగం జీవితం పట్టింది. ఒక్క పూలజడ మాత్రం ఎవరికీ వదిలేదాన్ని కాదు, నేనే కుట్టేదాన్ని.

పెళ్లికొడుకు వాళ్లది చిక్కడపల్లి. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. పెళ్లికూతురు స్వప్నది జనగామ వైపు పల్లె. అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదువుతున్న పిల్ల. ఇద్దరూ ఒకరినొకరు ఇష్టపడ్డారు. స్వప్నను పెంచింది మేనత్త రాజవ్వ. ఆమె ఈ సంబంధానికి ఊరకే ఒప్పుకోలేదు, ఒక షరతు పెట్టింది. ఐరేని కుండలు మన ఊళ్లో పెట్టినట్టే పెట్టాలి, అందులో తేడా వస్తే తాను పందిట్లో కాలుపెట్టనంది. పెంచిన మనిషి రాకుండా తాను పీటల మీద కూర్చోలేనని స్వప్న పెళ్లికొడుక్కి ముందే చెప్పేసింది.

ఐరేని కుండలంటే కుమ్మరి సున్నం పూసి, రంగు చుక్కలు పెట్టి ఇచ్చే పెళ్లి కుండలు. ఇంటి ఆడవాళ్లు డప్పులతో ఎదురెళ్లి, బియ్యం, ఎండుకొబ్బరి కుడుక ఇచ్చి, నెత్తిన పెట్టుకుని తెచ్చుకుంటారు. దేవుడి మూల వాటిని పేర్చి దీపం వెలిగించాకే మిగతా పనులు. అప్పటిదాకా ఎవరు పడితే వాళ్లు ముట్టుకోకూడదు.

ఇక వచ్చిన చిక్కంతా ఆ ఏడాది ఫ్యాషన్ వల్ల వచ్చింది. ఊరు వదిలి నగరంలో స్థిరపడ్డవాళ్లందరికీ పెళ్లిలో 'పల్లెటూరి థీమ్' కావాలి. అంటే గేటు పక్కన బండి చక్రం, గడ్డిమోపు, సున్నం పూసి చుక్కలు పెట్టిన కుండలు, వాటి ముందు నిలబడి ఫొటోలు దిగడానికి ఒక సెల్ఫీ పాయింట్. ఆ కుండలు మేం కిరాయికి తెచ్చేవాళ్లం.

ముహూర్తం సాయంత్రం. మండపం పని ఒక వరసలో సాగుతుంది. ముందు ఇనుప ఫ్రేము, దాని మీద గుడ్డ, తర్వాత ఆకు, చివర్న పువ్వు. బంతి లడీలు, అంటే గుచ్చిన పొడవాటి సరాలు, పొద్దున్నే కట్టినా ఎండకు తట్టుకుంటాయి. గులాబీలను మాత్రం ఆఖరి గంట దాకా తడిగుడ్డ కిందే ఉంచాలి. మధ్యాహ్నానికి బంతి పని ముగించి, పైగదిలో స్వప్నకు పూలజడ కుడుతున్నాను. సగం జడ అయ్యేసరికి, సెల్ఫీ పాయింట్ ఒకసారి చూసి వద్దామని కిందికి దిగాను.

నేను తెచ్చినవాటికంటే కుండలు ఎక్కువున్నాయి. మా పనిలో సరుకు తగ్గడమే గానీ పెరగడం ఎప్పుడూ చూడలేదు. అన్నింట్లోనూ జెర్బెరా పూలు నిటారుగా నిలబడి ఉన్నాయి. పెళ్లికొడుకు పిన్ని విజయలక్ష్మి గారు కంచిపట్టు చీరలో, నల్లకళ్లద్దాలు పెట్టుకుని, వాటి పక్కన నిలబడి ఫొటో దిగుతున్నారు.

"భాగ్యగారూ, మీవాళ్లు కొన్ని కుండలు గేటు దగ్గరే మర్చిపోయారండీ. పాపం, పనిలో ఉన్నారు కదా అని నేనే సర్దేశాను. ఎలా ఉందంటారు?"

ఒక కుండ ఎత్తి అడుగు చూశాను. కిరాయి కుండలకు అడుగున చిల్లు ఉంటుంది, కడ్డీకి గుచ్చి నిలబెట్టడానికి. దీనికి లేదు. స్వప్న వాళ్ల ఊరి నుంచి ట్రాలీ ఆటోలో ముందుగా పంపిన కుండలివి. ఆటో అతను గేటు పక్కన దించేసి వెళ్లిపోయాడు.

"అమ్మా, ఇవి ఫొటోల కుండలు గాదు. ఐరేని కుండలు," అన్నాను.

ఆవిడ కళ్లద్దాలు తీసేశారు. "అయ్యో! రాజవ్వగారి కుండలా?"

ఆవిడను తప్పుపట్టలేను. ఆ హాల్లో నిజం గడ్డి పక్కన ప్లాస్టిక్ గడ్డి, నిజం అరటి బోదె పక్కన థర్మాకోల్ బోదె పెట్టింది నేనే. ఏది పూజకో, ఏది ఫొటోకో పంతులుగారు కూడా నన్నడిగే ముట్టుకుంటున్నారు.

"ఆవిడ బస్సు ఉప్పల్ దాటిందటండీ," అన్నారు విజయలక్ష్మి గారు గొంతు తగ్గించి. "గబగబా తీసుకెళ్లి దేవుడి మూల పెట్టించేద్దాం. చుట్టూ నాలుగు లడీలు కట్టండి. ఎవరికీ తెలియదు. మీకు దణ్ణం పెడతాను."

కట్టేదాన్నే. పూలతో దేన్నైనా కప్పగలగడమే కదా మా వృత్తి. కానీ వెనక మెట్ల మీద స్వప్న నిలబడి ఉంది. అంతా విన్నది.

"వద్దక్కా, కట్టకు. అత్తకు నేనే చెప్త."

"ఇంత చిన్నదానికి ఆవిడ వెనక్కెళ్లిపోతే ఏం చేస్తావమ్మా?" అన్నారు విజయలక్ష్మి గారు.

"పోతే పోతది ఆంటీ. అత్తను అబద్ధం మీద కూసోవెట్టి పెళ్లి చేసుకుంటే రేపు ఏ ముఖంతోని ఇంటికి పోవాలె?"

ఆ పిల్ల అన్నంత పనీ చేసింది. బస్సు ఆగేసరికి సగం పూలజడతో గేటు దాకా నడిచింది. మిగతా సగం సూదితో సహా వీపు మీద ఊగుతోంది. పెళ్లికూతురు అలా బయటికి రాకూడదని అనబోయి, నేను కూడా వెనకే వెళ్లాను.

రాజవ్వ సన్నటి మనిషి. నిలబడి మొత్తం విన్నది. సెల్ఫీ పాయింట్ చుట్టూ ఒక చుట్టు తిరిగింది. ఒక జెర్బెరా పీకి వాసన చూసింది.

"ఇదేం పువ్వు? వాసనే లేదు. ఎవరు వెట్టిన్రు?"

"నేనేనండీ," అన్నారు విజయలక్ష్మి గారు.

"మంచిగ పేర్చినవ్. మా కోడండ్లకు నేర్పి నేర్పి నోరు పోయింది. ముట్టినోళ్లే మొయ్యాలె మరి. మల్ల ఎదురువోయి తెద్దాం. మీ చిక్కడపల్లోళ్లంత నడువున్రి."

"మేమా అండీ?"

"మరి నేనా? పిల్ల మీ ఇంటికొస్తుంది, కుండలు గూడ మీరే తెచ్చుకోవాలె."

ఊరి నుంచి వచ్చిన బస్సులోనే డప్పులున్నాయి. కుమ్మరి లేడు. రాజవ్వ నా వైపు చూసింది. "నువ్వే కుమ్మరివి. ఆ మలుపుకాడ నిలవడు." అలా ఐరేని కుండలన్నీ మోయించుకెళ్లి వీధి మలుపులో జిరాక్స్ షాపు ముందు నిలబడ్డాను. బియ్యం, కుడుక నా కొంగులో పోశారు. పట్టుచీరల ఆడవాళ్లందరూ ఒక్కో కుండ నెత్తికెత్తుకున్నారు. డప్పు మోగింది. వెనక సిటీ బస్సు హారన్ కొట్టి కొట్టి, డ్రైవరే దిగి చూశాడు. చాయ్ బండి దగ్గర పుస్తకాలు పట్టుకున్న కోచింగ్ పిల్లడొకడు "అక్కా, ఇయ్యాల ఏం పండుగ?" అని అడిగాడు.

"అండీ, జారిపోతోందండీ!" అని విజయలక్ష్మి గారి కేక.

"మెడ నిలవెట్టు! ఎప్పుడు చూసినా ఫోన్ల తలకాయ వెడ్తె మెడ గట్లనే అయితది," అంది రాజవ్వ. కానీ హాలు దాకా ఆవిడ పక్కనే, కుండ కింద చెయ్యి ఆనించి నడిచింది.

దేవుడి మూల దీపం పెట్టాక రాజవ్వ పందిట్లో ముందు వరసలో కూర్చుంది. నేను పైకెళ్లి మిగతా సగం జడ కుట్టాను. గులాబీలు కాస్త ఆలస్యమైనా ముహూర్తం తప్పలేదు.

ఆ పెళ్లి నాకు నేర్పింది ఇది. మొదటి పువ్వు పెట్టకముందే రెండువైపుల పెద్దావిడల్నీ హాలంతా తిప్పి, ఏది ముట్టొచ్చో ఏది ముట్టకూడదో వాళ్లతోనే చెప్పించాలి. పని మానేసేదాకా నేను అలాగే చేశాను. పొరపాటు మీద పూలు కప్పకూడదు. సాయంత్రానికి పూలు వాలిపోతాయి, అప్పుడు చుట్టాలందరూ ఒకేసారి చూస్తారు. ఎవరికి చెప్పాలో వాళ్లకు మనమే వెళ్లి ఎదురుగా చెప్పాలి.

ఇక ఇవాళ నేను ఫోన్ చేయాల్సినవాళ్లు ఇంకా ఉన్నారు. స్వప్న, ఇప్పుడు మండలాఫీసులో ఉద్యోగం, నా చేత దూరవిద్య ఫారం నింపించింది తనే, ఐదు దాటితే గానీ ఎత్తదు. అంబర్‌పేట్‌లో మా చెల్లెలు, ముందు ఏడ్చి తర్వాత మాట్లాడుతుంది. కవాడిగూడలో, నా దగ్గర ఫ్రేములు బిగించిన నిచ్చెన యాదగిరి, రెండుసార్లు చెబితే గానీ నమ్మడు. విజయలక్ష్మి గారు, వెంటనే ఫొటో పంపమంటారు. పూల మార్కెట్లో ముగ్గురు, వాళ్లకు బేరాలు అయ్యాకే. రాజవ్వ పేరు కూడా రాసి కొట్టేశాను. ఆమెకు ఫోన్ పనికిరాదు. రేపు జనగామ బస్సెక్కుతాను.