సాయిలు సార్‌కు మిగిలిన నాలుగు సూక్తులు

2022 వానాకాలం. కామారెడ్డి బస్టాండుకు దగ్గర్లో, ఒక ఫిజియోథెరపీ సెంటర్ మేడమీద నాకో చిన్న గది ఉండేది. గోడకు అద్దం, బల్లమీద బొమ్మల కార్డులు, మూడు కుర్చీలు. తలుపు మీద ‘స్పీచ్ థెరపిస్ట్’ అన్న బోర్డు చూసి, ఎన్నికల్లో ఉపన్యాసం ఇవ్వడం నేర్పిస్తారా అని ఒకాయన అడిగి వెళ్లాడు. అది కాదు నా పని. పోయిన మాటను వెనక్కి రప్పించడం నా పని. అప్పటికి పదకొండేళ్లుగా చేస్తున్నాను. నాకు తెలియని కేసు లేదన్న పొగరు కూడా కొంచెం పట్టింది.

ఆ పొగరు దించినవాళ్లు ఎల్లారెడ్డి నుంచి బస్సులో వచ్చారు. ఆయన సాయిలు సార్, హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన మనిషి. ఆమె ఆయన భార్య లచ్చవ్వ, బీడీలు చేస్తుంది. నాలుగు నెలల కిందట సార్‌కు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయాయి. చెయ్యి కొంత తేరుకుంది, మాట తేరుకోలేదు. డాక్టర్ చీటీలో అఫేజియా అని ఉంది. ఇందులో తెలివి చెడదు. ఎదుటివాళ్లు అన్నది చాలావరకు అర్థమవుతుంది. చెప్పదలచుకున్న మాట మాత్రం నోటికి అందదు.

"మీ పేరేంది సార్?" అని అడిగాను.

ఆయన నుదురు చిట్లించి, పెదాలు కూడదీసుకుని, చివరికి బడిగంట కొట్టినట్టు పలికాడు. "స్వరాజ్యం నా జన్మహక్కు!"

అని తల పట్టుకున్నాడు. అనాలనుకున్నది అది కాదని ఆయనకు తెలుసు.

"గిదే బిడ్డా," అంది లచ్చవ్వ. "ఇసుమంటివి నాలుగున్నయి. అవ్వే తిప్పి తిప్పి అంటడు. రోజు పొద్దుగాల ప్రార్థన కాడ పిల్లలతోని చెప్పిచ్చెటోడు. ముప్పై ఏండ్లు చెప్పిచ్చిండు."

మా భాషలో దీన్ని ఆటోమేటిక్ స్పీచ్ అంటారు. ఎక్కాలు, వారాల పేర్లు, శ్లోకాలు, ఇలా వేలసార్లు పలికి నోటికి పట్టిన మాటలు సొంత మాట పోయినా చాలామందిలో మిగులుతాయి. కొందరికి తిట్లు మిగులుతాయి, వాళ్ల ఇంటివాళ్ల అవస్థ చూడాలి. సార్‌కు మహనీయుల సూక్తులు మిగిలాయి.

ముందుగా ఏ మాట రావాలని ఇంటివాళ్లను అడగడం నా అలవాటు. అందరూ నీళ్లు, అన్నం, బాత్రూం అంటారు. లచ్చవ్వ అలా అనలేదు.

"అన్నం, నీళ్లు నేను సమజ్ చేసుకుంట బిడ్డా. నన్ను పిలుస్తలేడు, గంతే. గేటుకాడ బండి ఆపకముందే ‘లచ్చవ్వా’ అని కేకేస్తుండె. వాడకట్టంత ఇనవడేది. సిగ్గయితుండె నాకు. గట్ల ఒక్కసారి పిలిస్తే సాలు."

పిలిపిస్తానని నేను మాటివ్వలేదు. మా పనిలో మాటివ్వకూడదు. ఆమె చూపు చూసి, ఎలాగైనా పిలిపించాలని మాత్రం గట్టిగా అనుకున్నాను.

తప్పు అక్కడే చేశాను. ఈ సూక్తులు సొంత మాటలకు అడ్డం పడుతున్నాయని తీర్మానించుకుని, "ఇంట్ల వాటిని అననియ్యకండి అమ్మా. మొదలువెట్టంగనే ఆపున్రి," అని చెప్పాను. నా గదిలో నేనూ అదే చేశాను. చెంబు, గొడుగు, ఆవు బొమ్మలు ముందుపెట్టి పేర్లు అడిగేదాన్ని. ఆయన "స్వరా..." అనగానే వేలు అడ్డం పెట్టేదాన్ని. జీవితమంతా పిల్లలకు పాఠం చెప్పిన మనిషికి ఆవు బొమ్మ చూపించి నోరు మూయించాను. మూడో వారానికి ఆయన నిజంగానే నోరు మూశాడు. నాలుగో వారం రాలేదు, ఐదో వారమూ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఒక ఆదివారం ఎల్లారెడ్డి బస్సెక్కాను. దారిపొడవునా నాట్లు పడుతున్నాయి. బస్టాండులో దిగి ఆటోలో వాళ్లింటికి వెళ్లేసరికి లచ్చవ్వ అరుగు మీద, ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తోంది. పక్కనే కుర్చీలో సార్. నన్ను చూశాడు. మొహం ఎర్రబడింది.

"క్విట్ ఇండియా!" అన్నాడు.

లచ్చవ్వ చాట పక్కనపెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఎవ్వలన్న ఎక్కువసేపు కూసుంటే గట్లనే అంటడు బిడ్డా. నీకైతే రాంగనే అన్నడు. మాట బంద్ వెట్టిచ్చినవు గద, కోపమున్నది."

"మీరు ఆపలేదా?"

"ఆపిన. ఆరు దినాలు ఆపిన. గోడదిక్కు తిరిగి పండుకున్నడు, బువ్వ తినలే. ఇగ నాతోని గాలే, ఇడిసిపెట్టిన. నీకు మొఖమెట్ల చూపియ్యాలెనని రాలే."

అంతలో సార్ గొంతు సవరించుకున్నాడు. "మీ రక్తాన్ని నాకివ్వండి!" లచ్చవ్వ లేచి లోపలికి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. ఆయన తాగి గ్లాసు తిరిగిచ్చాడు.

"దూపయితే గట్లంటడు," అంది ఆమె, అదేమంత విశేషం కాదన్నట్టు. "మర్ది పొలంకెళ్లి వస్తే జై జవాన్ జై కిసాన్ అంటడు. స్వరాజ్యమంటే ఏందో నాకింక సమజ్ గాలే. దినాం నా దిక్కు జూసే అంటడు."

నాకు చాలా సిగ్గేసింది. నాలుగు మాటలతో ఆయన ఇల్లు నడుపుకుంటున్నాడు. బడిముఖం చూడని ఆమె వాటిలో మూడింటికి అర్థాలు పట్టుకుంది. అంత చదువుకున్న నేను వాటిని చెత్త అని ఊడ్చేశాను. ఆయన ముందు నిలబడి, "తప్పయింది సార్," అన్నాను. ఆయన ఎడమచేత్తో ఎదురు కుర్చీ చూపించాడు. పాఠం అక్కడినుంచి మళ్లీ మొదలైంది.

ఈసారి సూక్తిని ఆపలేదు. దాన్నే పట్టుకుని, అందులో ఒక్క మాట మార్చడం నేర్పాను. ‘మీ రక్తాన్ని’ బదులు ‘నీళ్లు’. మిగతా వాక్యం అలాగే ఉండాలి. చెప్పడానికి తేలికే, ఆయనకు మాత్రం నెల పట్టింది. ఇంట్లో టీచర్ లచ్చవ్వ. గ్లాసు చేతిలో పట్టుకుని ఎదురుగా నిలబడేదట. "రక్తం లేదు సారూ, అయిపోయింది. ఉన్నదే అడుగు," అనేదట. ఆమె కూడా ఆయన్ను సారనే అంటుంది. సూక్తులన్నీ ఆమెకూ కంఠస్థం వచ్చేశాయి. ఎవరెవరు అన్నారో నన్నడిగి తెలుసుకుని, "వాళ్ల పెండ్లాలు గూడ నా లెక్కనే యాష్టవడ్డరా ఏంది?" అంది. ఒకరోజు "నీళ్లు నాకివ్వండి" వచ్చింది. తర్వాత చాయ్ వచ్చింది, అన్నం వచ్చింది.

పిలుపు రాలేదు. ఆమె మళ్లీ అడగలేదు కూడా.

వరికోతల రోజుల్లో, కామారెడ్డిలో నా గదిలోనే, సెషన్ చివర్లో అన్నాను. "సార్, ఇయ్యాల స్వరాజ్యం తీసేద్దాం. మీకు ఏది కావాల్నో అది పెట్టున్రి. చాయ్ నా జన్మహక్కు అన్నా సరే."

లచ్చవ్వ కిటికీ దగ్గర నిలబడి బస్టాండు వైపు చూస్తోంది. సార్ "స్వ... స్వ..." అని ఆగిపోయాడు. తల అడ్డంగా ఊపాడు. ఆమె వీపు వైపు చూశాడు. నుదుట చెమట పట్టింది.

"ల... లచ్చవ్వ..." అన్నాడు. "లచ్చవ్వ నా జన్మహక్కు."

ఆమె వెనక్కి తిరిగింది. గోడ పట్టుకుంది. కళ్లు తుడుచుకోవడం కూడా మరచిపోయి, మిగతా సగం తానే అందుకుంది. "దాన్ని సాధించి తీరుతాను." తర్వాత ఏడుస్తూనే నవ్వింది. "ఇగ సాధించేదేమున్నది సారూ? ఇంట్లనే ఉన్న గద!"

ఆ రోజు వాళ్ల బస్సు వెళ్లిపోయింది. ముగ్గురం చాయ్ తాగాం.

అప్పటినుంచి నా కేస్ షీట్‌లో, అంటే కొత్తగా వచ్చినవాళ్ల వివరాలు రాసుకునే కాగితంలో, ఒక ప్రశ్న చేర్చాను. ఈ మనిషి నోట్లో ఎప్పుడూ నానే మాట ఏది? బొమ్మల కార్డులు తీసేముందు అదే అడుగుతాను, ఇంటివాళ్లు దానికి ఏం అర్థం చెప్తారో శ్రద్ధగా వింటాను. అరువు మాట వేరు, సొంత మాట వేరు అని చదువుకున్నాను. ఎవరిదైనా సరే, అవసరానికి అందిన మాటే సొంత మాట అని ఆ ఇద్దరూ నేర్పారు.

ఆ జన్మహక్కు సూక్తి మొదట ఎవరన్నారో మా సెంటర్ పక్క బడిగోడ మీద రాసి ఉంటుంది. రోజూ దాని ముందునుంచే నడుస్తాను. నాకు మాత్రం లచ్చవ్వే గుర్తొస్తుంది.