గంజిలో చిటికెడు ఉప్పు

2004 జూలై 12, సోమవారం. మా ఊరి జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన మాస్టారు గురువారం పొద్దున పోయారు. కబురు తెచ్చినతను ఆ గుక్కలోనే, "ఇక ల్యాబు గది కోచింగుకి ఇచ్చేస్తారంట కదండీ?" అన్నాడు. కాలేజీ కమిటీలో నేనూ సభ్యురాలిని. ఆ సంగతి తేల్చే సమావేశం వచ్చే ఆదివారం. ఈలోగా ఆయన దగ్గర చదివినవాళ్ళు చదవాలని ఇది రాస్తున్నాను.

మాస్టారికి మాట తక్కువ, శుభ్రం ఎక్కువ. గాజు సామాను బోరునీళ్ళతో కడిగాక డిస్టిల్డ్ వాటరుతో జాడించేవారు. ఆ నీళ్ళ డబ్బాకు తాళం ఉండేది. తోటి లెక్చరర్లు స్కూటర్ బ్యాటరీకి కాసిని పోయమంటే, "బజార్లో దొరుకుతాయండి" అనేవారు. పిల్లల ప్రయోగం చెడితే కేకలేసేవారు కాదు. "ముందు ఏం కలిపావో చెప్పు" అనేవారు. కూర చెడినా, మనవలు కొట్టుకున్నా నేనూ అదే అడగడం అలవాటు చేసుకున్నాను.

కొన్నేళ్ళ క్రితం, మిరపకాయలు కళ్ళాల్లో ఎండే రోజుల్లో, ఈ గది మీద ఇదే తగాదా వచ్చింది. మా కమిటీ అధ్యక్షుడు గుంటూరు యార్డులో మిర్చి వ్యాపారం చేస్తాడు. "ఈ సీసాలు తీసేస్తే ఎంతమంది పిల్లలు పడతారో చూడండి మాస్టారూ!" అన్నాడు.

"ఒక్కటి చూసి తీసేయండి" అన్నారు మాస్టారు. రంగులేని ద్రావణాలు మూడు ఒకదాంట్లో ఒకటి పోశారు. అది పసుపుకు తిరిగి, ఉన్నట్టుండి ముదురు నీలమై, మళ్ళీ తేటపడి, అలా మారుతూనే ఉంటుందని ముందే చెప్పారు. ఏమీ మారలేదు.

"ఏందండీ, నీళ్ళలో నీళ్ళు పోసి చూపిస్తున్నారు?" అని అధ్యక్షుడు నవ్వాడు.

మాస్టారు ద్రావణం వంక కాసేపు చూసి, కాలేజీ ఆయాను పిలిచారు. నీలం రంగు తేలడానికి వేసే గంజి ఆమె కాచిందే. "అమ్మా, ఇందులో ఏం కలిపావు?"

"ఏం కలుపుతానండీ, చిటికెడు ఉప్పు. మనిషికిచ్చే గంజి చప్పగా ఎట్టా ఇస్తాను?"

అందరం నవ్వాం. మాస్టారూ నవ్వారు. "తప్పు నాది. తాగేది మనిషి కాదని చెప్పలేదు" అన్నారు. ఉప్పు ఉంటే ఈ చర్య మొదలే కాదట.

ఉప్పులేని గంజి కాచి, వార్చి, చల్లార్చేదాకా ఆ ఉక్కలో ఎవరూ కదల్లేదు. ఈసారి రంగు తిరిగింది. పసుపు, నీలం, తేట, మళ్ళీ పసుపు. అధ్యక్షుడు తువ్వాలుతో మెడ తుడుచుకోవడం మరిచి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఇంత తొందరేందండీ దీనికి?"

"ఎండ వల్లండీ. చలికాలంలో నిదానంగా మారుతుంది. ఏ సరుకు ఎంత చిక్కగా ఉంది, ఎలా కలియబెడుతున్నాం అన్నదాన్ని బట్టి కూడా వేగం మారుతుంది."

కాసేపటికి అది నీలం దగ్గరే నిలిచిపోయింది.

"అరె, ఆగిపోయిందే!"

"ఆగుతుందండి. లోపల వేసిన సరుకు అయిపోయింది. మళ్ళీ కావాలంటే ఎవరో ఒకరు కొత్తగా కలుపుకోవాలి."

అధ్యక్షుడు లేచి, "మీరున్నంతకాలం గది ఉంటుంది లెండి" అన్నాడు. ఆ రోజు అది మర్యాద మాటగా వినిపించింది. అది గడువు అని గురువారం తెలిసింది.

ఇక జరగవలసినవి:

1. ఆదివారం సమావేశం ఆఫీసు గదిలో కాదు, ల్యాబులో జరగాలి.

2. ఆయన దగ్గర చదివి, ఇప్పుడు అక్కడే కెమిస్ట్రీ చెబుతున్న అమ్మాయి ఆ ప్రయోగం చేయాలి. ఓటింగు ఆ తరువాతే.

3. గంజి ఆ ఆయానే కాయాలి. ఉప్పు సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

4. నీలం దగ్గర ఆగినప్పుడు ఎవరూ లేవవద్దు. ఆ గాజుపాత్రను వెంటనే కడగవద్దు. కాసేపు బల్ల మీద అలాగే ఉండనివ్వండి.