పెట్రోలు బంకు అవతల

మా బావ డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. ఇరవై నాలుగేళ్లుగా ఆయన కూర్చునేది స్టీరింగు ముందు కాదు, పక్కసీట్లో. అక్కడ కాళ్ల దగ్గర ఆయనకంటూ విడిగా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్లు కంగారుపడి ఎవరి మీదికైనా పోనిస్తే తొక్కడానికన్నమాట. మా బావ మాత్రం ఎవరూ కంగారుపడకముందే తొక్కుతాడు. మనిషి కనిపిస్తే తొక్కుతాడు, మనిషి నీడ కనిపిస్తే తొక్కుతాడు, ఏమీ కనిపించకపోతే ఏదో పొంచి ఉందని తొక్కుతాడు. నోట్లోంచి వచ్చేది ఒకటే మాట: "మెల్లగా." అందుకే అందరూ ఆయనకి మెల్లగా మాస్టారని పేరు పెట్టారు. ఆయన దాన్ని బిరుదనుకుంటాడు.

పాఠం చెప్పే దారి కూడా మారదు. స్కూలు గేటు, మా అక్కావాళ్ల ఇల్లు, ఆస్పత్రి గోడ, నీళ్ల ట్యాంకు, చివర పెద్ద రోడ్డు మీద పెట్రోలు బంకు. బంకు రాగానే "మిర్రరు చూడు, ఇండికేటరు వెయ్యి, తిప్పు" అంటాడు. కారు వెనక్కి తిరుగుతుంది. రోజుకి ఎనిమిదిసార్లు. గానుగెద్దుకైనా ఎప్పుడో ఒకసారి పక్కకి పోవాలనిపిస్తుందేమో గానీ మా బావకి అనిపించలేదు, ఆ పుస్తకం దొరికేదాకా.

ఎవరో వెనకసీట్లో మర్చిపోయారు. అట్ట ఊడిన పాత నవల. అందులో ఒకాయన నాలుగో పేజీలో ఉద్యోగం మానేసి, డొక్కు కారెక్కి, ఎక్కడికో తనకే తెలియకుండా దేశమంతా తిరుగుతాడు. చాలా గొప్ప నవలట. అరవై ఏళ్లుగా జనం అది చదివి ఇల్లూ వాకిలీ వదిలి పోతున్నారని లైబ్రరీ ఆయన చెప్పాడు.

మా బావ ఇల్లు వదల్లేదు సరికదా, ఇంట్లోవాళ్లనీ వదల్లేదు. భోజనం ముందు కూర్చుని, "దారికి చివరంటూ ఉండదోయ్ బావమరిదీ" అనేవాడు.

"నీ దారికి ఉంది బావా. పెట్రోలు బంకు" అనేవాణ్ణి నేను. బావని ఆ మాత్రం అనకపోతే బావమరిదినై ఏం లాభం?

స్కూల్లోనూ అదే వరస. ఒకమ్మాయికి స్టీరింగు చేతికిచ్చి, "మనిషి పుట్టిందే కదలడానికమ్మా" అన్నాడట. ఆ మాట పూర్తి కాకుండానే బ్రేకు తొక్కాడట. కుక్క పడుకుని ఉంది. రోడ్డు మీద కాదు, ఎవరింటి మెట్ల మీదో. మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదంటే ఇదే.

మా అక్క ఇవన్నీ వింటూ ఊరుకునేది. అక్క టైలరు షాపులో కాజాలు కుడుతుంది. పుస్తకాల జోలికి పోదు. ఆమెకి ఒకటే కోరిక, సముద్రం చూడాలని. నాలుగ్గంటల దారి. పెళ్లయిన కొత్తలో బావ చూపిస్తానని మాటిచ్చాడు. పదిహేడేళ్లయింది. ఆయన దగ్గరే కారు నేర్చుకుని, లైసెన్సు కూడా తెచ్చుకుని, అక్కా ఆ బంకు దాటలేదు.

"ఎక్కడెక్కడికో ఎందుకండీ, సముద్రం దాకా వెళ్లొద్దాం" అంది ఒకరోజు. పుస్తకం చేతిలో పెట్టుకుని కాదనడం ఎలా? బావ దొరికిపోయాడు.

నవల్లో ఆయన చొక్కా భుజాన వేసుకుని బయల్దేరాడు. మా బావకి ఐదు నెలలు పట్టింది. స్కూలు ఓనరు ఆదివారానికి కారిచ్చాడు. అందులోకి రెండు టైర్లు, మోకు, మూడు టార్చిలైట్లు, మందుల డబ్బా ఎక్కాయి. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, ఒక మడత నిచ్చెన కూడా.

"నిచ్చెనెందుకు బావా?"

"దారిలో ఏం అవసరమొస్తుందో ఎవరికి తెలుసు?"

ఇల్లు చూసుకోవడానికి నేనొచ్చాను. బావ ఠీవిగా కారు చుట్టూ ఒకసారి తిరిగి, అలవాటు కొద్దీ పక్కసీట్లో కూర్చున్నాడు. అక్క ఒక్క క్షణం చూసింది. వెళ్లి స్టీరింగు ముందు కూర్చుంది. చెయ్యూపి గేటు వేశాను. టీ పెట్టుకుని, పేపరు తిరగేస్తూ తాగుతున్నాను. బయట హారను.

జరిగిందేమిటంటే, బంకు రాగానే బావ నోరు దాని పని అది చేసింది. మిర్రరు చూడు, ఇండికేటరు వెయ్యి, తిప్పు. అక్క చేతులు వాటి పని అవి చేశాయి. నేర్పిన గురువు మాట కదా! ఇద్దరూ తేరుకునేసరికి నీళ్ల ట్యాంకు దాటేశారు. అప్పుడైనా మళ్లీ తిప్పొచ్చు. "ఎలాగూ ఇంటివైపే కదా, గ్యాసు కట్టామో లేదో చూసుకుని పోదాం" అన్నాడట మహానుభావుడు.

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. అంతలో అక్క మొహం కనబడింది. దిగలేదు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి, కళ్లనిండా నీళ్లు. నా నవ్వు ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఇదంతా బావ మీద జోకనుకున్నందుకు సిగ్గేసింది.

"పోనీలే, ఇవాళ రిహార్సలు అనుకుందాం. వచ్చే ఆదివారం..." అన్నాడు బావ.

"దిగండి" అంది అక్క. "దిగి వెనక కూర్చుని పుస్తకం చదువుకోండి."

"మరి బ్రేకు దగ్గర?"

"తమ్ముడు కూర్చుంటాడు."

"వాడికి సైకిలు తప్ప ఏం వచ్చని?"

"అందుకే."

ఇంటికి తాళం వేసి ఎక్కాను. ఆ బ్రేకుకి కాలు తగులుతుందని భయమేసి సీటు మీద బాసింపట్టు వేసుకున్నాను. వెనక బావ, ఒళ్లో నిచ్చెన, నిచ్చెన మీద పుస్తకం.

ఆస్పత్రి గోడ పోయింది. ట్యాంకు పోయింది. బంకు కనబడగానే వెనక నుంచి "మిర్రరు చూడు" అని వినబడింది. అక్క చూసింది. "ఇండికేటరు" అన్నాడు. అక్క వెయ్యలేదు. "తిప్పు!" అంటూనే కాలితో గట్టిగా తొక్కాడు. వెనక కాళ్ల కింద ఏముంది, ఉత్త రబ్బరు పట్టా! ధబ్బున చప్పుడైంది, అంతే. కారు ఆగలేదు.

బంకు అవతల గొప్పేమీ లేదు. ఒక సిమెంటు గోడౌను, ఇంత పొలం, సైకిలు మీద పోతున్న ఒకాయన. బావ కిటికీ అద్దం దించాడు. పుస్తకం జారి కిందపడితే వంగి తీసుకోలేదు. నేను వెనక్కి తిరిగి చూస్తే, చిన్నపిల్లాడిలా తల బయటికి పెట్టబోయి, ఎవరో తిడతారన్నట్టు లోపలికి లాక్కున్నాడు.

"ఏమే" అన్నాడు చివరికి, గొంతు సవరించుకుని. "స్పీడు... కొంచెం పెంచొచ్చేమో."

అక్క ఎప్పుడో పెంచేసింది.