ఉప్పు పడిన పువ్వు

నా మనవరాలు నీలవేణి చేపల తట్ట ఎత్తలేదు. వాళ్లమ్మ తవిటమ్మ కోటబొమ్మాళి సంతలో చేపలమ్మి చదివిస్తే, ఇది యూనివర్సిటీకి పోయి పిచ్చిమొక్కల వెంట పడింది. "గడ్డి సదువుకి ఉద్యోగమేటే?" అని నేను దెప్పని రోజు లేదు.

తిత్లీ తుఫాను మరుసటి ఏడు, వానలు పడ్డాక, ఒక పొద్దున్నే తీరం నుంచి పరుగెత్తుకొచ్చింది. చేతిలో పిచ్చితీగ. ఇసుక దిబ్బల మీద పాకుతుంది, మేకలు కూడా ముట్టవు.

"మామ్మా! పువ్వుతో దొరికినాది!"

"బంగారం దొరికినట్టు ఆ గోలేటే?"

అప్పుడు చెప్పింది. రెండొందల ఏళ్ల కిందట ఒక దొర మా తీరంలోనే ఈ తీగ కోసి, ఎండబెట్టి, అట్టకి అంటించి పేరు పెట్టాడట. ఆ అట్ట ఇప్పటికీ కలకత్తా పక్కన, ఎండుమొక్కలు దాచే ఆఫీసు బీరువాలో ఉంది. పేరు ఏ మొక్కదని తగువొస్తే ఆ అట్టే సాక్షి. కానీ ఒకేలా ఉండే తీగలు రెండున్నాయి. ఒకదాని పువ్వు గొంతులో నూగుంటుంది, రెండోదానికి ఉండదు. అట్ట మీది పువ్వునేమో పురుగు తినేసింది. మా తీరంలోనే పువ్వున్న తీగ కోసి పాత అట్టకి తోడుగా పెడితే ఆ పేరెవరిదో తేలుతుంది. తుఫాను దిబ్బల్ని కోసుకుపోయాక పూసే తీగ మిగల్లేదనుకున్నారు.

నీలవేణి ఆ కొమ్మని పేపర్ల మధ్య పెట్టి, చెక్కలేసి, పైన రాళ్లు పెట్టింది. మర్నాడు రాత్రి రైలుకి దాన్ని తీసుకుని కలకత్తా వెళ్లాలి. పొద్దున్న లేచి చూస్తే చెక్కల మధ్య ఏమీ లేదు. తీగ పెరట్లో చాప మీదుంది, మీద రాళ్లుప్పు.

"అమ్మా! ఏటి సేసినావే?"

"పాత పువ్వుని పురుగు తినీసిందన్నావు గదే. ఉప్పు నేకపోతే దీనికీ పురుగు పడతాది. ఎండబెట్టే మెత్తళ్ల సేపలకేసినట్టే ఏసినాను," అంది తవిటమ్మ.

పువ్వు నీరుగారి ముద్దైపోయింది. నీలవేణి అక్కడే కూలబడింది. "ఆ తీగకి పూసింది అదొక్కటే మామ్మా. ఇంకో పువ్వున్నా ఎండెక్కితే ముడుసుకుపోతాది."

"అయితే కూకున్నావేటే? లే! ఒసే తవిటీ, నువ్వూ నడు!"

మోకాళ్ల నొప్పులు ఏమయ్యాయో తెలీదు, ఇసుకలో నేనూ పరుగెత్తాను. ఏటిమొగ దాకా ఆకులే తప్ప పువ్వు లేదు. ఎండ చురుక్కుమంటోంది. ముందు పోతున్న తవిటమ్మ ఒక్కసారి కేకేసింది.

"ఓలమ్మో! రండే, బేగి రండే!"

తుఫానుకి విరిగి ఇసుకలో కూరుకుపోయిన పడవ చాటున, నీడలో, ఒక పువ్వు ఇంకా విచ్చుకునే ఉంది. నీలవేణి బోర్లా పడుకుని భూతద్దం పెట్టింది.

"నూగున్నాది మామ్మా! నూగున్నాది!"

నన్నూ చూడమంది. చంటిపిల్ల కనురెప్పల్లా సన్నటి వెంట్రుకలు! నేను గెంతులేశాను. తవిటమ్మ ఏడుస్తూ నవ్వుతోంది. నీలవేణి ఆ పువ్వుని చెక్కల మధ్య పెట్టాక, ఆ రోజంతా తనే దగ్గర కాపలా కూర్చుంది, కోడిని కూడా రానివ్వలేదు.

కొన్నాళ్లకి కలకత్తా నుంచి కబురొచ్చింది. ఆకూ కాయా పాత అట్టతో సరిపోయాయట. పేరు మా నూగుతీగకే ఉండిపోయింది. రెండోదానికి కొత్త పేరు పెట్టాలట.

"అందాకా అది పేరు నేకుండా ఉండాలేటే, పాపం?" అంది తవిటమ్మ.

"దాని సంగతి దాని ఊరోళ్లు సూసుకుంటారు. నువ్వెల్లి కూడొండు," అన్నాను.