పీరు వేళ్లకు సరిపోయిన మిషను

మా చుట్టాల్లో ఎవరిని కదిపినా ఒకటే కథ. నేను మొండికేసి, మగవాళ్ల మాట తోసేసి, షెడ్డులోకి చిన్న మిషను కొనిపించానట. పెద్దది పెడితే నా బట్టల తీగకు అడ్డం వస్తుందని! ఆ తీగ ఉన్నది పెరట్లో. మిషను ఉన్నది షెడ్డులో. కథలల్లేవాళ్లు ఒకసారి వచ్చి చూసిపోతే బాగుండేది.

కరీంనగర్‌లో మాది ఇత్తడి సామాన్లకు వెండి, నికెలు పూత వేసే షెడ్డు. పూత తొట్టిలోకి కరెంటును డీసీగా మార్చి, వోల్టులు బాగా తగ్గించి పంపే మిషను, రెక్టిఫైయరు, ఆ ఏడు కాలిపోయింది. సరిగ్గా అప్పుడే నిర్మల్ దగ్గరి పల్లె నుంచి పీర్ల సావిడి చూసుకునే ముజావరు ఒకాయన వాళ్ల పీరును పచ్చగుడ్డలో చుట్టుకుని తెచ్చాడు. చాచిన అరచెయ్యి ఆకారంలో పాత ఇత్తడి పీరు, దానికి వెండి పూత వెయ్యాలి. పీర్ల పండుగ దగ్గరపడింది.

"బేటీ, ఊరంత దీనికే మొక్కుతది, మీరూ మేమూ అందరం. జర పైలం," అన్నాడు.

పాడుచేస్తే ఆ ఊరికి ఇంకో పీరు లేదు.

అమ్మేవాడు చూసి కొనుక్కోమని పెద్దదొకటి, చిన్నదొకటి, రెండు మిషన్లు దించాడు. మా ఆయనా, మరిదీ పెద్దదాని చుట్టే తిరిగారు.

"రేపు బండ్ల బంపర్లు పూతకు వస్తే, వదినా?"

"రేపటి బంపర్ల కోసం ఇయ్యాల పీరును కాలుస్తరా?"

కరెంటుకు కొసలంటే మోజు. అరచేతిని వదిలేసి వేళ్ల చివర్ల దగ్గర గుమిగూడుతుంది. వెండికి ఒక్క వోల్టు దాటనక్కర్లేదు, కానీ అది వణక్కుండా అందాలి. మేము చూస్తున్న పెద్ద మిషనును అంత కిందికి దించితే నిలకడ ఉండదు. నేను డిగ్రీలో కెమిస్ట్రీ చదివింది సర్టిఫికెట్ గోడకు తగిలించుకోవడానికా?

వాళ్లు పెద్దదానితో ఒక చదును రేకుకు పూత వేశారు. తళతళలాడింది.

"చూసినవా?" అన్నాడు మా ఆయన.

"చూసిన. పీరేమన్న అన్నం తినే పళ్లెమా?"

ఇత్తడి రేకు మీద నా చెయ్యి ఆనించి గీత గీశాను. మరిది గొణుక్కుంటూనే రెండు చేతులు కత్తిరించాడు. ఒక్కో మిషనుతో ఒకదానికి పూత వేశాం. పెద్దదాని నుంచి వచ్చిన చేతికి వేళ్ల కొసలు నల్లగా, గరుకుగా మాడాయి. చిన్నదానిది గోళ్ల దాకా తెల్లగా మెరిసింది.

"నీ చెయ్యి గాబట్టి మాడింది వదినా, పీరుదైతే మాడకపోతుండె," అన్నాడు మరిది. నాకూ నవ్వాగలేదు.

చిన్నదే తీసుకున్నాం. ముజావరు పీరు వేళ్లను ఒక్కొక్కటే నిమిరి, "అన్ని వేళ్లు నవ్వుతున్నయి బేటీ," అని గుడ్డలో చుట్టుకున్నాడు.

ఒక్కటి మాత్రం ఇప్పటికీ తేలలేదు. పాత మిషనుకూ, ఆ పెద్దదానికీ త్రీఫేజు కావాలి. చిన్నదానికి ఇంట్లో ఉండేలాంటి ప్లగ్గు చాలు. దాన్ని మూలకు జరిపితే, అక్కడ గోడకు కొత్త ప్లగ్గు బోర్డు అప్పటికే ఉంది. మిషన్లు దిగే ముందురోజు మా ఆయన బిగిస్తుంటే చూశాను కూడా. ఎందుకని అడిగితే, "ఫ్యానుకు," అన్నాడు.

ఆ షెడ్డులో ఈ రోజుకూ ఫ్యాను లేదు. మరి పెద్దదే కావాలని నాతో అంత కొట్లాడిన మనిషి, ఆ బోర్డు ఎందుకు బిగించినట్టు?